ఫిన్‌స్విమ్మింగ్‌లో స్ప్రింట్ వేగం: బరంపురం, రాయగడ వైపు ఈదే పిల్లలకు ఇంటర్వల్ సాధన

ఫిన్‌స్విమ్మింగ్ అంటే కాళ్లకు ఫిన్స్ (రెక్కల్లాంటి బ్లేడులు) తొడుక్కుని ఈదే పోటీ. రెండు పాదాలకూ కలిపి తొడిగే ఒకే పెద్ద ఫిన్ పేరు మోనోఫిన్. దానితో నీటి పైన ఈదే 50 మీటర్ల సర్ఫేస్ రేసును ప్రపంచ స్థాయి పురుషులు సుమారు 15 సెకన్లలో ముగిస్తారు. ఫిన్స్ లేని ఫ్రీస్టైల్‌లో అదే దూరానికి మేటి ఈతగాళ్లకు కూడా 21 సెకన్ల దాకా పడుతుంది. ఊపిరి బిగబట్టి నీటి లోపలే ఈదే 50 మీటర్ల ఎప్నియా అయితే 14 సెకన్ల చుట్టుపక్కల తేలిపోతుంది. ఇంత చిన్న రేసు కోసం మా వైపు పిల్లలు చేసే సాధన మాత్రం చాలా చోట్ల దూరం ఈతగాళ్ల సాధనలా ఉంటుంది. గంటన్నర ఆగకుండా లెంగ్తులు, మధ్యలో పది సెకన్ల రెస్ట్, గట్టు మీంచి "ఆగొద్దు, ఆగొద్దు" అని కేకలు. పిల్లలు రెండు కిలోమీటర్లు తేలిగ్గా ఈదేస్తారు. 50 మీటర్ల టైమ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపూర్ ప్రాంతాల్లో తెలుగు ఇళ్ల నుంచి ఈతకు వచ్చే పిల్లలు, వాళ్లను తీసుకొచ్చే తల్లిదండ్రులు, ఒక్క స్టాప్‌వాచ్‌తో నలుగురైదుగురిని చూసుకునే కోచ్‌లు: వీళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద పూల్ కావాలంటే భువనేశ్వర్‌లో కళింగ స్టేడియానికో, ఇటు విశాఖకో పోవాలి. రోజూ అది కుదిరే పని కాదు. అందుకే ఇక్కడి సెట్లన్నీ (సెట్ అంటే ఒకే దూరాన్ని మధ్యలో రెస్ట్‌తో పదే పదే ఈదడం) 25 మీటర్ల పూల్‌లో, ఒకే ఒక్క లేన్ దొరికినా చేసుకునేలా చెబుతున్నాను.

రెస్ట్ సంగతి ముందు

కండరం తక్షణం వాడుకునే ఇంధనం పేరు ఫాస్ఫోక్రియాటిన్. పూర్తి బలంతో కిక్ కొడితే పది సెకన్లకల్లా అది చాలావరకు ఖర్చయిపోతుంది. రెస్ట్ తీసుకుంటే అర నిమిషం అటూ ఇటూలో సగం వరకు తిరిగి వస్తుంది. మిగతా సగం మెల్లగా నిండుతుంది. దాదాపు పూర్తిగా నిండాలంటే 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఇరవై సెకన్లకే మళ్లీ గోడ తన్నితే శరీరం ఆక్సిజన్ లేకుండా చక్కెరను కాల్చే దారి పడుతుంది, లాక్టేట్ పెరుగుతుంది, కాళ్లు మండుతాయి, కిక్ మందగిస్తుంది. అంటే నాలుగో రెప్ (సెట్‌లో ఒక్కో ఈత ఒక రెప్) నుంచి ఆ పిల్లవాడు అలవాటు చేసుకుంటున్నది నెమ్మది కిక్‌నే.

ఇంకో లెక్క కూడా ఉంది. నీటి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. వేగం 10 శాతం పెరగాలంటే శక్తి మూడో వంతు ఎక్కువ కావాలి. ఆ శక్తి తాజాగా ఉన్న కాళ్ల నుంచే వస్తుంది. కాబట్టి స్ప్రింట్ సెట్‌లో రెస్ట్ కూడా సెట్‌లో భాగమే అనుకోండి. టైమ్ లేదని దాన్ని కోయకండి, కావాలంటే రెప్స్ తగ్గించండి.

1వ అడుగు: ఎక్కడున్నారో కొలవండి

మొదటి రోజు మూడు కొలతలు చాలు. గోడ తన్ని 25 మీటర్లు, డైవ్ నుంచి 50 మీటర్లు, ఆపై నడుమ వేగం. ఈ మూడోదే అసలు విషయం చెబుతుంది. లేన్ తాడుకు 10 మీటర్ల దగ్గర ఒకటి, 20 మీటర్ల దగ్గర ఒకటి ఎర్ర గుడ్డ ముక్కలు కట్టండి. ఈతగాడు గోడ నుంచి బయల్దేరి వేగం అందుకుంటాడు. తల మొదటి గుడ్డ దాటినప్పుడు వాచ్ నొక్కి, రెండోది దాటినప్పుడు ఆపండి. గోడ తన్నిన ఊపు ఈ పది మీటర్లకు వచ్చేసరికి చాలావరకు తగ్గుతుంది కాబట్టి కిక్ సత్తా ఎంతో తెలుస్తుంది. అదే పది మీటర్లలో ఎన్ని కిక్స్ కొట్టాడో కూడా రాసుకోండి.

వేగం అంటే ఒక్కో కిక్‌కు ఎంత దూరం పోతున్నాడు, సెకనుకు ఎన్ని కిక్స్ కొడుతున్నాడు అన్న రెండింటి గుణకారం. కిక్స్ తక్కువ, టైమ్ ఎక్కువ అయితే లయ పెంచే పని ఉంది. కిక్స్ బోలెడు, టైమ్ మాత్రం రావడం లేదంటే బ్లేడు నీటిని పట్టడం లేదన్నమాట. వాళ్లు సెట్ల జోలికి పోకముందు కిక్ సరిచేసుకోవాలి.

చేత్తో నొక్కే వాచ్‌లో 0.2 సెకన్ల తేడా మామూలే. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే చోట నిలబడి, పాదాలు గోడ వదిలినప్పుడే వాచ్ నొక్కేలా చూసుకోండి.

2వ అడుగు: కిక్, ఫిన్

చేతులు ఒకదాని మీద ఒకటి వేసి బిగించి, చెవుల వెనక్కి. తల కదలకూడదు. అల ఛాతీ దగ్గర చిన్నగా మొదలై నడుము దగ్గర బలం పుంజుకుని బ్లేడులోకి పోవాలి. మా పూల్స్‌లో ఎక్కువగా కనిపించే లోపం మోకాలి నుంచి కిక్ కొట్టడం. పక్కనుంచి ఫోన్‌తో వీడియో తీస్తే ఇట్టే దొరుకుతుంది: మడమలు పిరుదుల వైపు వస్తుంటాయి, బ్లేడు నీటి పైకి లేచి చప్పుడు చేస్తుంటుంది. కిందికి కొట్టే కిక్ అందరికీ వస్తుంది, పైకి లాగే కిక్ చాలామందికి రాదు. వెల్లకిలా డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి అలలా కొట్టేది), లోతు నీటిలో నిలువుగా ఉండి 15 సెకన్లు కిక్ కొట్టడం దీనికి మంచి మందులు.

మోనోఫిన్ వెడల్పు 76 సెంటీమీటర్లు దాటకూడదన్నది ప్రపంచ అండర్‌వాటర్ క్రీడల సమాఖ్య సీఎంఏఎస్ నిబంధన. గట్టి బ్లేడు వేసుకుంటే వేగం వస్తుందని చాలామంది తొందరపడతారు. కాళ్లలో బలం లేకుండా గట్టి బ్లేడు తొడిగితే లయ చచ్చిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, నడుము నొప్పి మొదలవుతుంది. మొదటి ఏడాది మెత్తని బ్లేడే మంచిది. మోనోఫిన్ ఖరీదైన వస్తువు కాబట్టి చాలామంది బైఫిన్స్‌తోనే (కాలికొకటి తొడిగే జత) మొదలుపెడతారు. అందులో తక్కువేమీ లేదు, బైఫిన్స్‌కు 50 నుంచి 400 మీటర్ల దాకా వేరే పోటీలున్నాయి. కాకపోతే పోటీకి వేసుకునే జతకు సీఎంఏఎస్ ఆమోదం ఉందో లేదో కొనే ముందే చూసుకోండి.

3వ అడుగు: శుద్ధ వేగం సెట్

వారానికి రెండు రోజులు, వార్మప్ అవ్వగానే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే చేయాలి. సెషన్ చివర్లో పెడితే దీనికి అర్థం లేదు.

వార్మప్‌గా ఫిన్స్ లేకుండా 300 మీటర్లు మెల్లగా, ఫిన్స్‌తో 200 మీటర్లు, ఆ తర్వాత క్రమంగా వేగం పెంచే 25 మీటర్లు నాలుగు. అసలు సెట్: 6 సార్లు 25 మీటర్లు, ఒళ్లంతా పెట్టి, ప్రతి 3 నిమిషాలకు ఒకటి. కొత్తవాళ్లు 15 మీటర్లు 8 సార్లు, 2 నిమిషాలకు ఒకటి చేస్తే చాలు.

మూడు నిమిషాలు ఊరికే కూర్చోబెడితే పూల్ వాళ్లు ఒప్పుకోరు, పిల్లలకూ విసుగు. ఒక్క లేన్‌లో ముగ్గురిని పెట్టండి. నిమిషానికి ఒకరు బయల్దేరితే ఒక్కొక్కరికి సరిగ్గా మూడు నిమిషాల చక్రం దానంతట అదే కుదురుతుంది. ఒకరు ఈదుతుంటే రెండోవారు గట్టు మీద వాచ్ పట్టుకుంటారు, మూడోవారు కళ్లు నీటి మీదే పెట్టి కాపలా ఉంటారు. ఒకే మనిషి నొక్కాలన్న నియమం కొలత రోజుకే. సెట్‌లో మాత్రం ఎవరికి ఎవరు వాచ్ పడతారో ఆ జత మారకుండా చూడండి. మామూలు బ్యాచ్ పిల్లలు ఉన్న లేన్‌లో మోనోఫిన్ అసలు వేయొద్దు. ఆ వేగంలో బ్లేడు అంచు తగిలితే తల పగులుతుంది. పబ్లిక్ బ్యాచ్‌కు అరగంట ముందు ఒక లేన్ ఇమ్మని పూల్ మేనేజర్‌ను అడగండి. రాతపూర్వకంగా, పిల్లల పేర్లతో అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఎప్పుడు ఆపాలి? తమ బెస్ట్ కంటే 3 శాతం వెనకబడితే ఆపాలి. ఒకమ్మాయి టైమ్‌లు ఇలా వచ్చాయనుకుందాం: 9.8, 9.7, 9.8, 9.9, 10.2. బెస్ట్ 9.7 కాబట్టి గీత 10.0 దగ్గర ఉంది. 10.2 ఒక్కటే వస్తే వాచ్ పొరపాటు కావచ్చు, ఇంకొకటి చూడండి. ఆరోది కూడా 10.1 వస్తే ఆ రోజుకు ఇక స్ప్రింట్ లేదు, మెల్లగా 300 మీటర్లు ఈదించి పంపేయండి. "ఇంకొక్కటి గట్టిగా కొట్టు" అని బతిమాలే కోచ్‌లను చాలామందిని చూస్తుంటాను. పిల్లల మీద ప్రేమతోనే అంటారు, కానీ అక్కడ ఆపడమే వాళ్లకు మేలు.

డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఈ మూడు నిమిషాల రెస్ట్‌లో పిల్లలు వణికిపోతారు. చల్లబడిన కండరం వేగంగా ముడుచుకోదు. గట్టు మీదికి వచ్చినప్పుడల్లా టవలో స్వెట్టరో కప్పుకోమనండి, రెప్స్ నాలుగుకు తగ్గించండి.

4వ అడుగు: స్టార్ట్, టర్న్, 15 మీటర్లు

సర్ఫేస్ రేసుల్లో స్టార్ట్ తర్వాత, ప్రతి టర్న్ తర్వాత 15 మీటర్ల వరకు నీటి లోపల ఈదొచ్చు. 25 మీటర్ల పూల్‌లో 50 రేసు అంటే మొత్తం దూరంలో సగానికి పైగా నీటి లోపలే పోవచ్చన్నమాట. నీటి పైన అలలు మన శక్తిని తింటాయి, లోపల ఆ బెడద లేదు.

వారానికి ఒక రోజు డైవ్ నుంచి 15 మీటర్లు 6 సార్లు, 2 నిమిషాలకు ఒకటి. మరో 6 సార్లు టర్న్: గోడకు 10 మీటర్ల దూరం నుంచి వేగంగా వచ్చి, తిరిగి 15 మీటర్ల గుర్తు దాకా. పైకి తేలేటప్పుడు స్నార్కెల్‌లో (ఊపిరి తీసుకునే గొట్టంలో) నీటిని ఒక్క ఊదుతో బయటికి కొట్టడం ఇక్కడే నేర్పాలి. అలిసినప్పుడు ఆ ఊదు బలహీనపడి, తర్వాతి ఊపిరితో నీళ్లు గొంతులోకి పోతాయి, రేసు అక్కడే పోతుంది.

5వ అడుగు: 100 మీటర్ల కోసం మంట సెట్లు

50 మీటర్లకే పరిమితమయ్యే వాళ్లకు ఇవి కొంచెమే చాలు. 100 ఈదేవాళ్లకు వారానికి ఒకసారి తప్పదు. రేసు రెండో సగంలో లాక్టేట్ పేరుకున్నా లయ చెడకుండా కాచుకునే సాధన ఇది.

మొదటి మూడు వారాలు: 50 మీటర్లు 4 సార్లు, దాదాపు పూర్తి వేగంతో, ఒక్కోదానికి మధ్య 5 నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో సగం సేపు ఫిన్స్ తీసి మెల్లగా ఈదాలి. లాక్టేట్ త్వరగా కరగాలంటే కదులుతూ ఉండాలి. తర్వాతి వారాల్లో ముక్కల 100: 25 మీటర్లు నాలుగు, మధ్యలో కచ్చితంగా 10 సెకన్లే రెస్ట్, 100 మీటర్ల రేసులో రావాలనుకునే వేగంతో. నాలుగు ముక్కల టైమ్ కలిపితే లక్ష్యం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఇలాంటివి మూడు, ఒక్కోదాని మధ్య 8 నుంచి 10 నిమిషాలు మెల్లని ఈత.

13 ఏళ్ల లోపు పిల్లలకు ఈ అడుగు వద్దు. వాళ్లకు 15 మీటర్ల పోటీలు, రిలే ఆటలు, కిక్ డ్రిల్స్ చాలు, వేగం అక్కడే పెరుగుతుంది. పెద్దవాళ్లకైనా ఈ సెట్ మర్నాడు మళ్లీ శుద్ధ వేగం పెట్టకండి, ఒక రోజు ఎడం ఉండాలి.

6వ అడుగు: ఊపిరి బిగబట్టే సెట్లలో ప్రాణం జాగ్రత్త

దీన్ని తల్లిదండ్రులు కూడా చదవాలి.

నీటిలోకి దిగేముందు గబగబా, లోతుగా ఊపిరి పీల్చి వదలడం చాలామంది పిల్లలకు ఎవరో నేర్పిన అలవాటు. అలా చేస్తే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టించేది ఆ కార్బన్ డయాక్సైడే. అది తక్కువగా ఉంటే, ఆక్సిజన్ అయిపోతున్నా పిల్లవాడికి ఏ ఇబ్బందీ తెలియదు. హాయిగా ఈదుతూనే స్పృహ తప్పుతాడు. చప్పుడు ఉండదు, చేతులు కొట్టుకోవడం ఉండదు. గట్టు మీద ఉన్నవాళ్లు "ఎంతసేపు ఉంటున్నాడో" అని మెచ్చుకుంటూ ఉండగానే జరిగిపోతుంది. మంచి ఈతగాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఇంకా ఉండగలమన్న ధైర్యం వాళ్లకే ఉంటుంది.

కాబట్టి ఎప్నియా సెట్‌కు ముందు మామూలు ఊపిరి, చివర్లో ఒక నిండు ఊపిరి, అంతే. ఒక్కరే ఉన్నప్పుడు ఎప్నియా ఎప్పుడూ వద్దు. ఈదేవారికి ఒకరు కాపలా, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. పైకి వచ్చాక కూడా అర నిమిషం వాళ్ల ముఖం చూస్తూ ఉండాలి, పెదాలు నీలంగా ఉన్నా చూపు తేలిపోతున్నా ఆ రోజుకు ఆపేయాలి. 25 మీటర్ల ఎప్నియా 4 సార్లు, మధ్యలో కనీసం 3 నిమిషాలు. ఈ సెట్‌లో రెస్ట్ తగ్గించుకుంటూ పోవడం ప్రాణంతో ఆట.

నదుల్లో, చెరువుల్లో, బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ సముద్రంలో ఫిన్ సాధన చేయిద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. పూల్ మూతపడ్డ రోజుల్లో ఆ ఆశ సహజమే. వద్దు. చెరువులో లోపల ఏముందో కనబడదు, మోనోఫిన్ కలుపుకో వలకో చిక్కితే రెండు కాళ్లూ ఒకేసారి బందీ. సముద్రంలో లాగుడు, వానాకాలం నాగావళిలో వరద మన మాట వినవు.

7వ అడుగు: వారం, వాతావరణం, తిండి

సోమవారం శుద్ధ వేగం. మంగళవారం మెల్లని ఈత: 100 మీటర్లు 8 సార్లు, 20 సెకన్ల రెస్ట్‌తో, మాట్లాడగలిగేంత తేలిక వేగం. ఇది వేగం పెంచదు కానీ రెప్స్ మధ్య త్వరగా కోలుకునే శక్తి ఇస్తుంది. బుధవారం స్టార్ట్, టర్న్. గురువారం నీటికి సెలవు, నేల మీద నడుము, పొట్ట కండరాల వ్యాయామం, చీలమండలు సాగదీయడం. శుక్రవారం మంట సెట్, 50 మాత్రమే ఈదేవాళ్లు దాని బదులు రెండో శుద్ధ వేగం. శనివారం డ్రిల్స్, కొద్దిగా ఎప్నియా. 100 వాళ్ల రెండో వేగం సెట్ బుధవారం టర్న్‌ల ముందు సగం చేసి పెట్టుకోవచ్చు. ఆదివారం విశ్రాంతి. బడి పరీక్షలప్పుడు ఇందులో ఏదైనా వదిలేయాల్సి వస్తే సోమవారం, బుధవారం ఉంచుకుని మిగతావి వదిలేయండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు కాలబైశాఖి గాలివానలు హఠాత్తుగా వస్తాయి. ఉరుము వినిపించిన వెంటనే అందరూ నీటి బయటికి రావాలి, సెట్ సగంలో ఉన్నా సరే. ఆ నెలల్లో మంట సెట్లు తెల్లవారుజామునే పెట్టుకోండి. ఎండకు కాగిన నీటిలో లాక్టేట్ సెట్ చేస్తే పిల్లలకు తల తిరుగుతుంది.

సాధనకు రెండు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా, అటుకులు, అరటిపండు లాంటివి మితంగా. మధ్యాహ్నం పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం) కడుపు నిండా తిని నాలుగింటికి స్ప్రింట్ అంటే కాళ్లు లేవవు. అదే పఖాళ, పెరుగు, ఉప్పు వేసుకుని ఉదయం సాధన అయ్యాక తింటే ఎండాకాలంలో అంతకన్నా మంచిది లేదు. నీళ్లలో ఉంటాం కాబట్టి చెమట తెలియదు, అయినా పడుతుంది. పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే.

8వ అడుగు: పోటీకి ముందు, పోటీ తర్వాత

ఎనిమిది వారాల ప్రణాళిక అనుకుంటే మొదటి రెండు వారాలు కిక్ సరిచేసుకోవడం, మెల్లని ఈత ఎక్కువ. మూడు నుంచి ఏడు దాకా పైన చెప్పిన వారం. ప్రతి రెండో సోమవారం 10 మీటర్ల నడుమ వేగం మళ్లీ కొలవండి. రెండు కొలతల పాటు కదలిక లేకపోతే దూరం పెంచకండి. మంట సెట్ ఒక వారం తీసేసి, నిద్ర సరిపోతోందా అని ఇంట్లో అడగండి. చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది.

ఎనిమిదో వారం మొత్తం దూరం సగానికి తగ్గించండి, వేగం మాత్రం తగ్గించొద్దు. 25 మీటర్లు ఆరు బదులు మూడు, మధ్య రెస్ట్ నాలుగు నిమిషాలు. పోటీకి రెండు రోజుల ముందు నుంచి మంట సెట్ల ఊసే వద్దు. పోటీ 50 మీటర్ల పూల్‌లో అయితే, వీలైతే ఒక రోజు ముందే వెళ్లి ఒకసారి ఈదించండి. 25కి అలవాటైన పిల్లలు గోడ ఎప్పుడొస్తుందా అని 30 మీటర్ల దగ్గర తల ఎత్తుతారు, లయ అక్కడే తెగుతుంది.

పోటీ అయ్యాక ఒక వారం మోనోఫిన్ ముట్టుకోనివ్వకండి. దాన్ని మంచినీళ్లతో కడిగి, ఎండ తగలని చోట ఆరబెట్టి, బ్లేడు వంగకుండా చదునుగా పడుకోబెట్టండి. పిల్లల్ని ఫిన్స్ లేకుండా ఇష్టమొచ్చినట్టు ఈదనివ్వండి. తర్వాతి సోమవారం లేన్ తాడుకు గుడ్డలు కట్టి, మూడు కొలతలు కొత్తగా తీసి, ఆ టైమ్‌లతో తర్వాతి ఎనిమిది వారాల లక్ష్యాలు రాసుకోండి.